వకాల్తా మీద ప్రభుత్వం కన్ను

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ అక్కడి పెద్ద లా ఫర్మ్‌ల మీద 2025లో వరుసగా జారీ చేసిన ఉత్తర్వుల గురించి తెలుగు పత్రికల్లో వచ్చింది చాలా తక్కువ. వచ్చిన కాస్తా సుంకాల వార్తల కింద నాలుగైదు వాక్యాల్లో ముగిసిపోయింది. కోట్ల డాలర్ల ఫీజులు తీసుకునే సంస్థలకూ ఒక అధ్యక్షుడికీ మధ్య తగవుగా దాన్ని చూసి పక్కన పెట్టినవారే మా గుంటూరు బార్‌లోనూ ఎక్కువ. ఆ ఉత్తర్వులనూ వాటి మీద వచ్చిన తీర్పులనూ శ్రద్ధగా చదివితే, వాటిలో ఉన్న పేరు న్యాయవాదిదే అయినా దెబ్బ తగిలేది అతని దగ్గరికి వచ్చే కక్షిదారుడికని తెలుస్తుంది. ఆ సంగతి మన పాఠకుల ముందు పెట్టడం అవసరమని నమ్మి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ వ్యవహారం 2025 ఫిబ్రవరి 25న కోవింగ్టన్ అండ్ బర్లింగ్ అనే సంస్థతో మొదలైంది. ట్రంప్ మీద కేసులు నడిపిన ప్రత్యేక ప్రాసిక్యూటర్ జాక్ స్మిత్‌కు సహాయపడ్డారన్న కారణంతో ఆ సంస్థ న్యాయవాదులకు ప్రభుత్వ రహస్య పత్రాలు చూసేందుకు ఉన్న అనుమతిని నిలిపివేశారు. మార్చి 6న పెర్కిన్స్ కోయీ మీద పూర్తిస్థాయి ఉత్తర్వు వచ్చింది. ఆ నెలలోనే 14న పాల్ వైస్, 25న జెన్నర్ అండ్ బ్లాక్, 27న విల్మర్‌హేల్, ఏప్రిల్ 9న సస్‌మన్ గాడ్‌ఫ్రీ మీద కూడా అలాంటి ఉత్తర్వులే వచ్చాయి. కారణాలను దాచలేదు. పెర్కిన్స్ కోయీ 2016 ఎన్నికల్లో హిల్లరీ క్లింటన్ ప్రచార బృందానికి పనిచేసింది. ఆ ఎన్నికల్లో రష్యా జోక్యం మీద దర్యాప్తు జరిపిన రాబర్ట్ ముల్లర్ విల్మర్‌హేల్‌లో, ఆయన బృందంలోని ఆండ్రూ వైస్‌మన్ జెన్నర్‌లో ఒకప్పుడు పనిచేశారు. ఉత్తర్వులు వచ్చేనాటికి ఇద్దరూ ఆ సంస్థలను వదిలి కొన్నేళ్లయింది. 2020 ఎన్నికల్లో ఓటింగ్ యంత్రాలతో మోసం జరిగిందన్న ప్రచారం మీద డొమినియన్ కంపెనీ తరఫున ఫాక్స్ న్యూస్‌పై దావా నడిపి, 2023లో 78.75 కోట్ల డాలర్ల రాజీ సాధించింది సస్‌మన్ గాడ్‌ఫ్రీ. ఉద్యోగ నియామకాల్లో మైనారిటీలకు ప్రాధాన్యం ఇస్తున్నారన్న ఆరోపణను కూడా ఉత్తర్వుల్లో చేర్చారు గాని, అసలు నేరం ఏమిటో చదివినవారికి తెలియకపోదు. అధ్యక్షుడికి గిట్టనివారి వకాల్తా పుచ్చుకోవడమే ఆ నేరం.

ఉత్తర్వుల్లోని షరతులను కాస్త నిదానంగా చూడాలి. రహస్య పత్రాల అనుమతి రద్దు ఒకటి. ఆ సంస్థ ఉద్యోగులను ప్రభుత్వ భవనాల్లోకి రానివ్వకుండా కట్టడి చేయడం, వారిని ప్రభుత్వోద్యోగాల్లోకి తీసుకోకపోవడం ఇంకొకటి. మన్ను తగాదా అయినా పన్ను తగాదా అయినా న్యాయవాది ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయం గడప తొక్కక తప్పదు గనుక ఇది చిన్న అడ్డంకి కాదు. వీటన్నిటికంటే ప్రమాదకరమైన షరతు కాంట్రాక్టులకు సంబంధించినది. ప్రభుత్వంతో కాంట్రాక్టు ఉన్న ప్రతి కంపెనీ తనకు ఆ లా ఫర్మ్‌తో ఏ లావాదేవీ ఉన్నా వెల్లడించాలన్నారు. ఆ ఫర్మ్‌ను పెట్టుకున్న కంపెనీల కాంట్రాక్టులను సమీక్షించి, చట్టం అనుమతించిన మేరకు రద్దు చేయాలని శాఖలకు చెప్పారు. విమానాలు తయారుచేసే కంపెనీకి తన సొంత వాణిజ్య వివాదంలో ఒక ప్లీడరు ఉన్నాడనుకోండి. ఆ వివాదానికి అధ్యక్షుడితో సంబంధం లేదు, ఎన్నికలతో సంబంధం లేదు. అయినా ఆ ప్లీడరు పేరు ప్రభుత్వానికి చెప్పుకోవాలి, చెప్పిన తర్వాత కాంట్రాక్టు నిలుస్తుందో లేదోనని కంగారు పడాలి. ఏ కంపెనీ అయినా ఏం చేస్తుంది? ప్లీడరును మార్చుకుంటుంది.

ఈ లెక్క ఆ సంస్థలకు వెంటనే అర్థమైంది. వెయ్యి మందికి పైగా న్యాయవాదులున్న పాల్ వైస్ ఒక్క వారం కూడా నిలబడలేదు. ప్రభుత్వం సమ్మతించిన అంశాల మీద 4 కోట్ల డాలర్ల విలువైన ఉచిత న్యాయసేవ చేస్తామని మార్చి 20న ఒప్పుకుంటే ఉత్తర్వు రద్దయింది. పోరాడితే కోర్టులో గెలిచినా సంస్థ బతికేది కాదని దాని అధిపతి సహచరులకు రాశారు. ఆ వెనుక స్కాడెన్, విల్కీ ఫార్, మిల్‌బ్యాంక్ ఒక్కొక్కటి 10 కోట్ల డాలర్ల చొప్పున, ఏప్రిల్ 11న కిర్క్‌లాండ్ అండ్ ఎలిస్, లేథమ్ అండ్ వాట్కిన్స్ వంటి మహా సంస్థలు 12.5 కోట్ల డాలర్ల చొప్పున ఒప్పందాలు చేసుకున్నాయి. వీటిలో చాలా వాటి మీద అప్పటికి ఉత్తర్వే లేదు. రాబోతుందన్న భయం చాలింది. మొత్తం తొమ్మిది సంస్థలు కలిపి మాట ఇచ్చిన సేవ విలువ 94 కోట్ల డాలర్లు, మన లెక్కలో దాదాపు 8 వేల కోట్ల రూపాయలు. ప్రభుత్వం కళ్లెర్రజేస్తే ఆ ప్రభుత్వానికే కానుకలు సమర్పించుకునే న్యాయవాది రేపు అదే ప్రభుత్వం మీద నా కేసు గట్టిగా వాదిస్తాడని నేను ఎలా నమ్మాలి?

నాలుగు సంస్థలు మాత్రం తల వంచలేదు. పెర్కిన్స్ కోయీ, జెన్నర్, విల్మర్‌హేల్, సస్‌మన్ గాడ్‌ఫ్రీ వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టుకు వెళ్లాయి, నాలుగూ గెలిచాయి. జడ్జి బెరిల్ హోవెల్ 2025 మే 2న, జాన్ బేట్స్ మే 23న, రిచర్డ్ లియోన్ మే 27న, లోరెన్ అలీఖాన్ జూన్ 27న ఆ ఉత్తర్వులు రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. వీరిలో బేట్స్‌నూ లియోన్‌నూ నియమించింది రిపబ్లికన్ పార్టీకి చెందిన జార్జి బుష్ కావడం గమనించాలి. విల్మర్‌హేల్ తరఫున వాదించిన పాల్ క్లెమెంట్ కూడా బుష్ హయాంలో సొలిసిటర్ జనరల్‌గా చేసిన సంప్రదాయవాదే. ప్రభుత్వానికి నచ్చని న్యాయవాదాన్ని బెదిరించి ఆపడమంటే కార్యనిర్వాహక శాఖ తన మీద కోర్టుల అదుపు లేకుండా చేసుకోవడమేనని బేట్స్ తీర్పు సారాంశం. అంతకు ముందు ఏడాది, 2024 మే 30న, తుపాకుల సంఘమైన ఎన్ఆర్ఏ వేసిన కేసులో, ప్రభుత్వాధికారి ప్రైవేటు సంస్థలను బెదిరించి తనకు గిట్టని అభిప్రాయాన్ని అణచివేయించకూడదని అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పి ఉంది. ఆ కేసులో బాధితులు మితవాదులు, అధికారి డెమొక్రటిక్ ప్రభుత్వంలోని వ్యక్తి. మితవాదులను కాపాడిన సూత్రమే ఏడాది తిరిగేసరికి ట్రంప్ ప్రత్యర్థుల న్యాయవాదులకు అండ అయింది. ఈ తీర్పుల మీద ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

కోర్టులు కొట్టేశాయి కాబట్టి వ్యవస్థ పనిచేసినట్టే కదా అని మిత్రులు అంటున్నారు. నేను ఒప్పుకోలేను. కోర్టు ముందుకు వచ్చిన కాగితాన్నే కోర్టు కొట్టేయగలదు. దాఖలు కాని దావా, సంతకం కాని వకాల్తా, ఏదో ఒక మిష మీద వెనక్కి పంపిన కక్షిదారుడు ఏ రికార్డులోకీ ఎక్కరు. పెర్కిన్స్ కోయీకి మద్దతుగా 500కు పైగా సంస్థలు కోర్టుకు విన్నవించుకున్నాయి గాని, ఆదాయంలో ముందున్న అతిపెద్ద సంస్థల్లో ఎక్కువ భాగం ఆ జాబితాలో కనిపించలేదు. వారెవరి మీదా ఏ ఉత్తర్వూ లేదు, అయినా వారు సంతకం పెట్టలేదు. ఈ మౌనం మీద ఏ జడ్జి స్టే ఇవ్వగలరు?

ఇది అమెరికాకే పరిమితమైన సంగతి కాదని చెప్పడానికి నా ఆఫీసులో జరిగిన ఒక విషయం రాస్తాను. సిమెంటు రోడ్ల పనులు చేసే ఒక చిన్న కాంట్రాక్టరుకు అన్నదమ్ముల పంపకాల దావాలో నేను వకీలును. పూర్తిగా ఇంటి వ్యవహారం, ప్రభుత్వం అందులో పార్టీయే కాదు. అదే సమయంలో ఒక భూసేకరణలో రైతుల పక్షాన ఒక ప్రభుత్వ కార్యాలయం మీద రిట్ వేసి ఉన్నాను. పెండింగ్ బిల్లు కోసం ఈయన ఆ కార్యాలయానికి వెళ్తే ఎవరో, "మీ ప్లీడరు గారు ఫలానా ఆయనే కదా?" అని మాత్రం అడిగారట. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆయన ఆ సాయంత్రం మా గుమాస్తా బల్ల పక్కన కూర్చుని, మిగతా కక్షిదారులందరూ వెళ్లేదాకా ఆగి, "ఏమీ అనుకోకండి ప్లీడరు గారూ, వేరే వకీలును పెట్టుకుంటాను, నో అబ్జెక్షన్ రాసివ్వండి. పిల్ల పెళ్లి పెట్టుకున్నాను, బిల్లు రావాలి" అన్నారు. రాసిచ్చాను. కేసు కట్ట ఆయన చేతిలో పెట్టేటప్పుడు ఆయన నా ముఖం వంక చూడలేకపోయారు. తప్పు ఆయనది కాదు. ఆ మాట అన్నవారి మీద నేను ఏమని పిటిషన్ వేయగలను? ఆదేశం లేదు, సంతకం లేదు, తేదీ లేదు. ట్రంప్ కాగితం మీద పెట్టి సంతకం చేశారు కాబట్టి నలుగురు జడ్జిలు దాన్ని చదివి కొట్టేయగలిగారు. మన దగ్గర అదే పని ఒక ప్రశ్నతో పూర్తవుతుంది. అమెరికా అధ్యక్షుడే బాహాటంగా చేసినప్పుడు, ఇలాంటి ప్రశ్న అడగడం తప్పేమీ కాదని అనుకునే అధికారులు అన్ని దేశాల్లోనూ పెరుగుతారన్నదే నా భయం.

మన ఊళ్లకు సంబంధించిన ఇంకో కోణం ఉంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పిల్లలు అమెరికాలో చదువుతున్న, ఉద్యోగాలు చేస్తున్న ఇళ్లు ఎన్ని ఉన్నాయో నేను చెప్పనక్కరలేదు. 2025 జనవరి 20న, హెచ్1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్న తల్లిదండ్రులకు పుట్టే పిల్లలకు జన్మతః పౌరసత్వం లేదంటూ ట్రంప్ ఉత్తర్వు ఇచ్చినప్పుడు ఎన్ని తెలుగు కుటుంబాలు తల్లడిల్లాయో మనం చూశాం. మూడు రోజుల్లోనే సియాటిల్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని నిలిపివేసింది. ఆ వసంతకాలంలో వేలాది విదేశీ విద్యార్థుల వివరాలను సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) రికార్డుల నుంచి ఉన్నట్టుండి తొలగించారు. చిన్న ట్రాఫిక్ కేసు ఉన్నవారు, కేసు కొట్టేసినవారు కూడా అందులో ఉన్నారు. ఇక్కడ తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి పంపిన పిల్లలు అక్కడ గదుల్లో తలుపులు వేసుకుని కూర్చున్నారు. రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో న్యాయవాదులు దావాలు వేసి మధ్యంతర ఉత్తర్వులు తెచ్చారు. ఏప్రిల్ 25న ప్రభుత్వం ఆ రికార్డులను పునరుద్ధరిస్తామని కోర్టుకు చెప్పాల్సి వచ్చింది. ఓటు లేని, ఆ దేశ పౌరుడు కాని, చేతిలో పెద్దగా డబ్బు లేని తెనాలి కుర్రవాడి తరఫున అమెరికా ప్రభుత్వం మీద నిలబడింది ఒక న్యాయవాది. సరిగ్గా ఆ నెలల్లోనే ప్రభుత్వం మీద వాదించే న్యాయవాదుల భరతం పడతామని అధ్యక్ష భవనం హెచ్చరిస్తోంది. ఫెడరల్ ప్రభుత్వం మీద అర్థం లేని కేసులు వేస్తున్నారనుకున్న న్యాయవాదుల మీద చర్యలు తీసుకోవాలని మార్చి 22న అటార్నీ జనరల్‌కు ఒక ప్రత్యేక ఆదేశం వెళ్లింది. వలసదారుల కేసులే అందులో ముఖ్యంగా ప్రస్తావనకు వచ్చాయి. ఈ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చదివితే, లా ఫర్మ్‌ల గొడవ మనకెందుకని మన ఇళ్లలో ఎవరూ అనరు.

న్యాయవాదులు చట్టానికి అతీతులా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. కానే కారు. కక్షిదారుడి డబ్బు తినేసినవారిని, దొంగ సాక్ష్యాలు పుట్టించినవారిని నేను మా కోర్టు వరండాల్లోనే చూశాను, వారికి శిక్ష పడాలనే కోరుకుంటాను. అయితే శిక్ష వేసేది ఎవరు? మన 1961 నాటి అడ్వొకేట్స్ చట్టంలో 35వ సెక్షన్ ఉంది. ఫిర్యాదు వస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ సంఘం న్యాయవాది వాదన విని నిర్ణయం తీసుకుంటుంది, దాని మీద అప్పీలు చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్తుంది. నేరం చేస్తే మామూలు కోర్టులు ఉండనే ఉన్నాయి. అమెరికాలోనూ అంతే. పెర్కిన్స్ కోయీలో భాగస్వామిగా చేసిన మైకేల్ సస్‌మన్‌ను అబద్ధం చెప్పారన్న అభియోగం మీద విచారించారు. 2022 మే 31న జ్యూరీ ఆయన్ను నిర్దోషిగా విడిచిపెట్టింది. జ్యూరీ ఆయన్ను వదిలేసిన మూడేళ్ల తర్వాత, ఆ కేసుతో ఏ సంబంధమూ లేని వెయ్యి మందికి పైగా న్యాయవాదులనూ వారి కక్షిదారులనూ శిక్షించబోవడం ఏ క్రమశిక్షణ కిందికి వస్తుంది? నోటీసు లేదు, విచారణ లేదు, అభియోగమూ తీర్పూ రెండూ ఒకే సంతకం కింద ఉన్నాయి.

మన దేశానికి ఈ అనుభవం కొత్త కాదు. 1919లో రౌలట్ చట్టాన్ని ధిక్కరిస్తామని ప్రతిజ్ఞ చేసిన అహ్మదాబాదు న్యాయవాదుల మీద చర్య కోరుతూ అక్కడి జిల్లా జడ్జి బొంబాయి హైకోర్టుకు రాశారు. సనదు, అంటే వకీలుగా పనిచేసే అనుమతి, సర్కారు దయ మీద ఉన్న కాలం అది. మన ప్రాంతంలో గుంటూరు నుంచి కొండా వెంకటప్పయ్య గారు, బెజవాడ నుంచి అయ్యదేవర కాళేశ్వరరావు గారు వంటి పెద్దలు ఉద్యమం కోసం ప్రాక్టీసునే వదులుకున్నారు. రాజ్యాంగం రాసుకున్నప్పుడు 22వ అధికరణం మొదటి నిబంధనలోనే, అరెస్టయిన ప్రతి మనిషికీ తాను ఎంచుకున్న న్యాయవాదిని సంప్రదించే, ఆయన ద్వారా వాదించుకునే హక్కు ఉందని చేర్చారు. సర్కారు ఎంచినవాడు కాకుండా తాను ఎంచుకున్నవాడు అన్నది అక్కడ కీలకం.

ఆ హక్కు ఎంత పలచనిదో ఎమర్జెన్సీ చూపించింది. అప్పటి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఛైర్మన్ రామ్ జెఠ్మలానీ కేరళలో ఎమర్జెన్సీని విమర్శిస్తూ మాట్లాడినందుకు అరెస్టు వారంటు వచ్చింది. బొంబాయి హైకోర్టులో పాల్కీవాలా ముందు నిలబడగా మూడు వందల మందికి పైగా న్యాయవాదులు ఆయన తరఫున హాజరై ఆ అరెస్టును ఆపించారు. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో, నిర్బంధం చట్టబద్ధమా కాదా అని అడిగే దారి కూడా మూసేశాక ఆ రక్షణ పోయింది, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. జెఠ్మలానీ దేశం విడిచి అమెరికాలో ఆశ్రయం పొందారు. మన న్యాయవాదికి నీడనిచ్చిన దేశంలో ఇప్పుడు న్యాయవాదులు ప్రభుత్వంతో ఒప్పందాలు కుదుర్చుకుని బతుకుతున్నారంటే నా మనసుకు నిజంగా బాధగా ఉంది. మన రాష్ట్రంలో ఆ చీకటి రోజుల్లోనూ, ఆ తర్వాతా, ప్రభుత్వానికి ఏమాత్రం గిట్టనివారి పక్షాన కె.జి. కన్నబిరాన్ గారు హైకోర్టులో వాదిస్తూనే వచ్చారు. ఆయన కక్షిదారుల రాజకీయాలతో ఏకీభవించని న్యాయవాదులు కూడా ఆయనంటే గౌరవం చూపడం నేను ఎరుగుదును.

దగ్గరి సంగతులకు వస్తే, 2025 ఫిబ్రవరిలో కేంద్ర న్యాయశాఖ అడ్వొకేట్స్ చట్ట సవరణ ముసాయిదాను విడుదల చేసింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలోకి ముగ్గురి దాకా సభ్యులను కేంద్రమే నామినేట్ చేయవచ్చని, కౌన్సిల్‌కు కేంద్రం ఆదేశాలు ఇవ్వవచ్చని అందులో రాశారు. న్యాయవాదులు దేశమంతటా నిరసన తెలపడంతో ఆ నెల 22న దాన్ని వెనక్కి తీసుకుని, మళ్లీ సంప్రదించి కొత్త ముసాయిదా తెస్తామన్నారు. అదే సంవత్సరం జూన్‌లో, ఒక కంపెనీకి న్యాయ సలహా ఇచ్చినందుకు సీనియర్ న్యాయవాదులు అరవింద్ దాతార్, ప్రతాప్ వేణుగోపాల్‌లకు ఈడీ సమన్లు పంపింది. గగ్గోలు పుట్టాక వాటిని ఉపసంహరించుకుంది. ఆ సమయంలోనే గుజరాత్‌లో ఒక అప్పు కేసు నిందితుడి న్యాయవాదికి పోలీసులు నోటీసు ఇచ్చిన వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయ్ నేతృత్వంలోని ధర్మాసనం ఈ విషయాన్ని తానుగా విచారణకు తీసుకుని అక్టోబరు 31న తీర్పు ఇచ్చింది. కేసు వివరాలు రాబట్టడానికి నిందితుడి న్యాయవాదిని పిలవకూడదు. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్‌లోని మినహాయింపుల కిందికి వస్తేనే పిలవాలి; అప్పుడు కూడా ఏ మినహాయింపో సమన్లలోనే రాయాలి, ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి లిఖితపూర్వకంగా సమ్మతించాలి. న్యాయవాది ఫోనూ కంప్యూటరూ కావాలంటే కోర్టు ముందే తెరవాలి. ఇంత స్పష్టంగా చెప్పిన తీర్పు ఇటీవలి కాలంలో అరుదు.

ఇందులో పార్టీల ప్రసక్తి తేవద్దని పాఠకులను కోరుతున్నాను. అమరావతి చుట్టూ జరిగినదే చూడండి. 2015లో భూసమీకరణకు ఒప్పుకోని ఉండవల్లి, పెనుమాక రైతులు అప్పటి ప్రభుత్వం మీద హైకోర్టుకు వెళ్లారు. కొన్నేళ్ల తర్వాత రాజధాని తరలింపు మీద, భూములిచ్చిన రైతులు మరో ప్రభుత్వం మీద హైకోర్టుకు వెళ్లి 2022 మార్చి 3న తీర్పు తెచ్చుకున్నారు. ఒకరి కేసు మీకు నచ్చవచ్చు, ఇంకొకరిది నచ్చకపోవచ్చు. ఆ రెండు ప్రభుత్వాల్లో ఏ ఒక్కటైనా, ఈ రైతుల తరఫున వాదించే ప్లీడర్ల క్లయింట్లకు ఇక ప్రభుత్వ పనులు ఇవ్వబోమని ప్రకటించి ఉంటే, హైకోర్టు హాల్లో రైతు వైపు బల్ల ఖాళీగా ఉండేది.

మా బార్ కూడా తన వైపు చూసుకోవాలి. ఘోరమైన నేరం జరిగినప్పుడల్లా నిందితుడి తరఫున ఎవరూ హాజరు కాకూడదని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేయడం మన దేశంలో అలవాటుగా మారింది. అలాంటి తీర్మానాలు చెల్లవని 2010 డిసెంబరులో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పులోనే, 1792లో ఇంగ్లండులో అందరూ ద్వేషించిన థామస్ పెయిన్ పక్షాన వాదించిన థామస్ ఎర్‌స్కిన్‌ను గుర్తు చేసింది. ఆ వాదన వల్ల ఆయన యువరాజు ఆస్థానంలో ఉన్న పదవి పోగొట్టుకున్నారు. తగిన ఫీజు ఇచ్చి వచ్చిన కక్షిదారుణ్ని ప్రత్యేక కారణం లేకుండా కాదనకూడదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. కోపంతో మనమే వకాల్తాలు నిరాకరిస్తే, రేపు అదే పని ప్రభుత్వం చేయించినప్పుడు అడ్డు చెప్పే నైతిక బలం మనకు ఉండదు.

అందుకని నా విన్నపాలు ఇవి. ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు 1954లో కొలువుదీరిన ఊరు గుంటూరు. తర్వాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు ఆ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. ఆ చరిత్ర ఉన్న మా బార్ అసోసియేషన్, విజయవాడ బార్ కలిసి, అడ్వొకేట్స్ చట్టం కొత్త ముసాయిదాలో బార్ కౌన్సిల్‌ను కేంద్రం అదుపు చేసే నిబంధన ఏ రూపంలోనూ ఉండకూడదని రాష్ట్ర బార్ కౌన్సిల్ ద్వారా న్యాయశాఖకు ఇప్పుడే రాయాలి. ముసాయిదా వచ్చాక వీధికెక్కడం కన్నా అది మేలు. కక్షిదారుడి వకీలు ఎవరని బిల్లుల దగ్గర, లైసెన్సుల దగ్గర ఏ ఉద్యోగీ అడగరాదని రాష్ట్ర ప్రభుత్వం ఒక సర్క్యులర్ ఇస్తే, దానివల్ల ఖజానాకు ఒక్క రూపాయి ఖర్చు ఉండదు. ఇక మీ పత్రికకు ప్రత్యేకంగా ఒక మనవి: 2025 అక్టోబరు 31 నాటి సుప్రీంకోర్టు ఆదేశాల సారాంశాన్ని తేలిక తెలుగులో మీ జిల్లా పేజీల్లో ప్రచురించండి. మంగళగిరిలోనో సత్తెనపల్లిలోనో స్టేషన్‌కు రమ్మని ఫోను అందుకున్న జూనియర్ న్యాయవాది ఆ కాగితం ముక్క వెంట తీసుకెళ్లి ఎస్‌ఐ గారి బల్ల మీద పెట్టగలుగుతాడు.

భవదీయుడు,
ఒక న్యాయవాది,
బ్రాడీపేట, గుంటూరు.